రెండణాల టికెట్ తర్వాత

చదువు ఆగిపోయిన ఆడవాళ్ల కోసం పెట్టిన కండెన్స్‌డ్ కోర్సులో చేరిన మొదటి వారంలోనే విన్నాం ఆ కథ. 1923 కాకినాడ కాంగ్రెస్ మహాసభలు. ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర పద్నాలుగేళ్ల వాలంటీరు దుర్గాబాయి (తర్వాతి రోజుల్లో దుర్గాబాయి దేశ్‌ముఖ్), టికెట్ లేదని నెహ్రూనే ఆపేసింది. నిర్వాహకులు రెండణాలు పెట్టి టికెట్ కొన్నాకే లోపలికి వదిలింది. మన వార్షికోత్సవంలో దాన్ని నాటికగా వేస్తే, పొడుగ్గా ఉన్నానని నెహ్రూ వేషం నాకు అంటగట్టారు. మన బ్యాచ్ వాళ్లకు గుర్తుందా? టోపీ నిలవక మూడుసార్లు కింద పడింది.

నిజం చెప్పాలంటే ఆ కథ నాకంతగా పట్టలేదు. ధైర్యం ఉన్న పిల్ల, ఆపింది, అంతే. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు, ఇద్దరు పిల్లలు, ఏడో తరగతితో ఆగిపోయిన చదువు. లెక్కల పుస్తకం తెరిస్తే చెమటలు పట్టేవి. నాకు కావాల్సిన దుర్గాబాయమ్మ వేరే.

ఆవిడకు ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. పెద్దయ్యాక ఆ పెళ్లి వద్దనుకుని బయటికొచ్చింది. ఇంగ్లీషులో పాఠాలు చెప్పడం నచ్చక బడి మానేసి, తనే ఆడపిల్లలకు హిందీ బడి పెట్టింది. 1930లో ఉప్పు సత్యాగ్రహం, ఆ తర్వాత జైళ్లు. మదురైలో ఏడాదిపాటు ఒంటరి గదిలో ఉంచారు. తామెందుకు జైల్లో ఉన్నారో, తమ మీద కేసేమిటో కూడా తెలియని ఆడవాళ్లను ఆ జైళ్లలోనే చూసింది. లా చదవాలన్న పట్టుదల అక్కడ పుట్టిందే. కానీ మెట్రిక్ కూడా లేదు! పేరు మోసిన సత్యాగ్రహి, ఇరవై దాటిన మనిషి, మళ్లీ అక్షరం దగ్గర కూర్చుంది. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం పెట్టే మెట్రిక్ పరీక్ష పాసై, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చేసింది. అక్కడ ఆడపిల్లలకు హాస్టల్ లేదంటే, పత్రికల్లో ప్రకటన ఇచ్చి తనలాంటి అమ్మాయిల్ని పోగేసింది. 1942 నాటికి మద్రాసులో వకీలు.

జైలు కంటే ఈ మెట్రిక్కే కష్టం అనిపిస్తుంది నాకు. జైలుకెళ్తే జనం దండలేస్తారు. చిన్నపిల్లల పుస్తకాలు పట్టుకుంటే నవ్వుతారు. మా వీధిలో నన్ను చూసి నవ్వినవాళ్లు తక్కువేం కాదు.

1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టినప్పుడు ఆవిడ చేసిన పని కూడా అదే, చదువు ఆగిపోయిన వాళ్లను బెనారస్ మెట్రిక్‌కు కూర్చోబెట్టడం. రాజ్యాంగ సభ, ప్రణాళికా సంఘం అన్నీ అయ్యాక, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలైంది. 1958లో ఆ బోర్డు మొదలుపెట్టిందే మన కండెన్స్‌డ్ కోర్సు. నేను చేరేసరికి ఆవిడ పోయి మూడేళ్లయింది. అందుకే ఫోటోలోనే చూశాను.

పోయినేడు ఢిల్లీలో మా అమ్మాయితో మెట్రోలో వెళ్తుంటే ‘దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్’ అని వినిపించింది. “అమ్మా, మనం దిగేది ఇక్కడ కాదు” అంటున్నా వినకుండా దిగాను. బోర్డు కింద నిలబడి ఫోటో దిగి మన గ్రూపులో పెట్టాను. వెంటనే ఒకావిడ జవాబు: “నెహ్రూగారూ, ఈసారైనా టికెట్ కొన్నారా?”