రిటైర్ అయిండు కదా, గట్లనే ఉంటది

మన ఇళ్లల్ల ఒక మనిషి మెల్లమెల్లగా మారిపోతుంటే చెప్పుకోడానికి కారణాలు ఎప్పుడూ రెడీగా ఉంటయి. రిటైర్ అయిండు కదా, గట్లనే ఉంటది. బిడ్డ పెళ్లి టెన్షన్. షుగర్ వచ్చింది కదా, నీరసం. వయసు. వీటిల్ల అబద్ధం ఏదీ ఉండదు, చిక్కంతా అక్కడ్నే ఉంది, ఒక కారణం దొరికిందంటే ఇంక ఆ మనిషి దిక్కు ఎవ్వరూ సరిగ్గా చూడరు, డిప్రెషన్ ఏమో అన్న అనుమానమే రాదు.

మా చిన్నాయన ఆర్టీసీల కండక్టర్ చేసి రిటైర్ అయిండు, బాగ్‌లింగంపల్లిల ఉంటరు. ఆయన ఇంట్ల ఉన్నడా లేడా అనేది గల్లీ మొదట్లనే తెలుస్తుండె, అంత గొంతు. పొద్దున్నే నున్నగా గడ్డం గీసుకుని సుందరయ్య పార్కుకు పోయి, అక్కడ దోస్తులతోని రాజకీయాలు మాట్లాడి, కొట్లాడి, మళ్లా వాళ్లతోనే చాయ్ తాగి, వచ్చేటప్పుడు కూరగాయలు పట్టుకుని వచ్చేటోడు. రిటైర్ అయినంక కూడా చాలా రోజులు ఇట్లనే నడిచింది, కాబట్టి రిటైర్మెంట్ మీదికి నెట్టేస్తే నేనైతే ఒప్పుకోను. ఆ తర్వాత పార్కు బంద్ అయింది, మోకాళ్లు గుంజుతున్నయన్నడు. ఫ్యామిలీ గ్రూప్‌ల పొద్దున ఆరింటికల్లా దేవుడి ఫొటో పెట్టేటోడు, అదీ బంద్. (మేమంతా ఆ ఫొటోలకు విసుక్కునేటోళ్లమే, అది వేరే సంగతి.) గడ్డం మాసి ఉంటుండె. ఉప్మాల ఉప్పు ఎక్కువైందని ప్లేటు నూకేసిండని చిన్నమ్మ చెప్తే అందరికీ కోపమే వచ్చింది తప్ప డౌట్ ఎవరికీ రాలే.

నాకు డౌట్ వచ్చింది బెల్టు చూసినంక. దసరాకు పోయినప్పుడు చూస్తే, కంపెనీ బొక్కలు దాటి ఇంత దూరంల మేకు పెట్టి కొట్టిన కొత్త బొక్క, వంకరగా, బెల్టు కొస నడుము చుట్టూ తిరిగి వెనక దాకా పోయింది. అంత చిక్కిపోయిండు, కానీ మనిషి నడుము దిక్కు ఎవరు చూస్తరు చెప్పండి. చిన్నమ్మను వంటింట్లకు పిలిచి అడిగితే అప్పుడు బయటపడింది, రాత్రి మూడింటికే లేస్తడు, హాల్ల లైటు వెయ్యడు, సోఫాల ఊకే కూసుంటడు, మళ్లా నిద్ర పట్టదు.

డిప్రెషన్ అంటే ఏడుస్తూ కూసునుడు అనుకుంటం. మగవాళ్లల్ల చాలాసార్లు అది చిరాకు లాగ, కోపం లాగ బయటికొస్తది, కొందరు తాగుడు పెంచుతరు. పెద్దోళ్లల్ల ఒళ్లు నొప్పులు, కడుపుల మంట, మతిమరుపు లాగ కనిపిస్తది, ఆర్థో డాక్టర్ చుట్టూ తిరుగుతుంటరు. మనసు బాగలేకపోవుడు, దేని మీదా ఇంట్రెస్ట్ లేకపోవుడు, ఈ రెండిట్ల ఏదో ఒకటి, దాంతోపాటు నిద్ర, తిండి, ఓపిక ఇవన్నీ మారి, ఇదంతా రోజూ, రెండు వారాలు దాటి నడిస్తే డాక్టర్లు దాన్ని డిప్రెషన్ కిందనే చూస్తరు. నేనైతే లిస్టు కంటే ఒకటే చూస్తా, ఈ మనిషి ఇదివరకు ఎట్లుండె, ఇప్పుడెట్లున్నడు. పుట్టుకతోనే తక్కువ మాట్లాడేటోడు మాట్లాడకపోతే ఏం కాదు, మా చిన్నాయన మాట్లాడకపోతే అవుతది. వయసు పిల్లలల్ల ఇంకో రకం కూడా ఉంటది, అందరూ నా గురించే మాట్లాడుకుంటున్నరని అనుమానపడుడు, ఎవ్వరికీ వినపడని మాటలు వినపడుడు, లేకపోతే రోజుల తరబడి నిద్ర లేకున్నా ఫుల్ జోష్‌ల ఉండి ఎడాపెడా డబ్బులు ఖర్చు పెట్టుడు, వాటికి రెండు వారాలు చూసే పని లేదు, వెంటనే చూపియ్యాలె.

అన్నిటికంటే భయం వేసింది ఫైలు సంగతి విని. ఇంటి కాయితాలు, బీమా బాండ్లు, పెన్షన్ పేపర్లు అన్నీ ఒక ఫైల్ల పెట్టి ఏది ఎక్కడుందో చిన్నమ్మకు కూసోబెట్టి చెప్పిండట. ఆమెకేమో పద్ధతి గల మనిషి కదా అని మురిపెం. మామూలుగా అయితే మంచి పనే అది, కానీ ఇన్ని మారినంక చేస్తే వేరే లెక్క. ఇష్టమైన వస్తువులు పంచిపెట్టుడు, నా వల్ల మీకందరికీ బరువు అనుడు, చాలా రోజులు కుమిలి ఒక్కసారిగా నిమ్మళంగా అయిపోవుడు, ఇవి గూడ అట్లాంటియే, చచ్చిపోవాలన్న ఆలోచన ఉందేమో అని అనుమానపడాల్సిన గుర్తులు.

ఆ సంగతి అడిగితే లేని ఆలోచన పెట్టినట్టు అవుతదని భయపడతరు. అట్ల కాదు, డాక్టర్లు కూడా సూటిగానే అడగమంటరు. మేడ మీద బట్టలు తీస్తుంటే అడిగేసిన, “చిన్నాయనా, చచ్చిపోవాలని ఏమన్న అనిపిస్తుందా?” అని. చానాసేపు పిట్టగోడ దిక్కే చూసి, “పొద్దున ఎందుకు లేవాల్నో సమజైతలేదు బిడ్డా” అన్నడు. ధైర్యంగా ఉండు, పాజిటివ్‌గా ఆలోచించు లాంటియి ఏం చెప్పలే, రేపు డాక్టర్ దగ్గరికి పోదం, నేను వస్తా అన్న, అంతే.

ముందు మామూలు డాక్టర్ దగ్గరికే పోయినం, ఆయన థైరాయిడ్, బి12, షుగర్ రాసిండు, వీటి వల్ల కూడా మనిషి ఇట్లనే డల్ అవుతడు కాబట్టి. తర్వాత సైకియాట్రిస్ట్. ఆ మాట వినంగనే ఇంట్ల ఒకాయన “ఏంది, ఎర్రగడ్డకు తీస్కపోతున్నరా” అన్నడు. హైదరాబాద్‌ల అదొక తిట్టు అయిపోయింది గానీ, ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రిల ఓపీ ఉంటది, చూపించుకుని మందులు తీసుకుని ఇంటికి వచ్చేటోళ్లు బోలెడు మంది. ఇంకొకరు గుట్ట మీది గుడికి పోయి ఒక రాత్రి నిద్ర చేసి రమ్మన్నరు, పోయి రండి, టాబ్లెట్లు మాత్రం ఆపకండి అన్న నేను.

డిప్రెషన్ టాబ్లెట్లు పని చెయ్యడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడతది, పూర్తిగా తేలాలంటే ఇంకా ఎక్కువ. మొదట్ల కడుపుల తిప్పుడు అవీ వస్తయి, చాలామంది అక్కడ్నే ఆపేస్తరు. తగ్గినంక కూడా కనీసం 6 నెలలు వాడమంటరు, సొంతంగా బంద్ చెయ్యొద్దు. ఎవరికి చెప్పుకోవాల్నో తెలియకపోతే మనసు బాగలేనోళ్ల కోసం సర్కారు నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉంది, నంబర్ 14416, ఫ్రీ, ఏ టైంల అయినా, తెలుగుల మాట్లాడతరు, ఇంట్ల వాళ్లు కూడా చెయ్యొచ్చు. ప్రాణం మీదికి వచ్చేటట్టు ఉంటే మాత్రం మనిషిని ఒంటరిగా ఇడవకుండా దగ్గర్ల ఉన్న ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీస్కపోవాలె.

చిన్నాయన ఇప్పుడు నిద్ర పోతుండు, తింటుండు, పార్కుకు ఇంకా పోతలేడు. టాబ్లెట్ల డబ్బా చిన్నమ్మ దగ్గరనే ఉంటది, ఏ రోజుకారోజు తీసి ఇస్తది, డాక్టరే అట్ల చెప్పిండు.