జబ్బు పడకుండానే పన్నెండు వారాల మందు

దగ్గు లేదు, జ్వరం లేదు, ఎక్స్‌రేలో ఏమీ లేదు. అయినా పన్నెండు వారాలు టీబీ మందు మింగాను. ఇంట్లో ఒకరి కఫంలో క్రిములు కనబడ్డాయి. అవి నా ఒంట్లోకీ చేరి నిద్రాణంగా ఉన్నాయి. ఈ దశలో మన నుంచి ఎవరికీ అంటదు, కంచం, గది వేరు చేయనక్కర్లేదు. ఇలా సోకినవాళ్ళలో నూటికి అయిదు నుంచి పది మందికి ఎప్పుడో ఒకప్పుడు జబ్బు బయటపడుతుంది, ఎక్కువగా మొదటి రెండేళ్ళలోనే.

క్రిములు సోకాయో లేదో చెప్పే చర్మపరీక్ష ఇది: ముంజేతికి ట్యూబర్‌క్యులిన్ సూది వేసి, 48 నుంచి 72 గంటల మధ్య ఆ చోటు చూడాలి. నా చేతి మీద పెద్ద ఎర్రమచ్చ తేలింది గానీ, ఎరుపు లెక్కలోకి రాదు. నర్సు వేలితో తడిమి, గట్టిపడ్డ చోటు రెండంచులా పెన్నుతో గుర్తుపెట్టి, చేతికి అడ్డంగా స్కేలు పెట్టింది: 14 మిల్లీమీటర్లు, అంటే పాజిటివ్. టీబీ ఎక్కువున్న దేశాల్లో ఈ పరీక్ష దొరకలేదని హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళకీ, రోగి ఇంట్లోని అయిదేళ్ళలోపు పిల్లలకీ మందు ఆపకూడదు.

మందు మొదలుపెట్టే ముందు చూడాల్సింది వేరే ఉంది. దగ్గు, జ్వరం, రాత్రిపూట చెమటలు, బరువు తగ్గడం, వీటిలో ఏ ఒక్కటున్నా ముందు జబ్బు లేదని తేల్చుకోవాలి. ముదిరిన టీబీలో క్రిములు కోట్లలో ఉంటాయి. ఈ కొద్ది మందే ఇస్తే లొంగనివి మిగిలిపోయి పెరుగుతాయి.

నాది వారానికోసారి వేసుకునేది: ఐసోనియాజిడ్ 900, రిఫాపెంటిన్ 900 మిల్లీగ్రాములు, తిన్నాక. గర్భిణులకు ఇది ఇవ్వరు. గర్భనిరోధక మాత్రలు దీంతో సరిగా పనిచేయవు, రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ బలం తగ్గుతుంది. మూత్రం నారింజ రంగులో వస్తే కంగారు లేదు. కాంటాక్ట్ లెన్సులకు మాత్రం ఆ రంగు పట్టేస్తుంది. నాలుగో మోతాదు వేసుకున్న కొన్ని గంటలకు చలి, ఒళ్ళునొప్పులు వచ్చి మర్నాటికి పోయాయి. అదే ఆకలి చచ్చిపోయి, వాంతులై, కళ్ళు పచ్చబడితే తర్వాతి మోతాదు ఆపి కాలేయ పరీక్ష చేయించాలి. లక్షణాలతో పాటు ఏఎల్‌టీ (కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము) మామూలుకి మూడు రెట్లు దాటినా, లక్షణాల్లేకుండా అయిదు రెట్లు దాటినా మందు మానేయాల్సిందే.

ఒక వారం మరిచిపోతే రెండూ కలిపి వేసుకోకూడదు, మోతాదుల మధ్య కనీసం 72 గంటలుండాలి. పదహారు వారాల్లో పదకొండు పడితే కోర్సు అయినట్టే.

అయిపోయాక చర్మపరీక్ష మళ్ళీ చేయించలేదు. మందు పనిచేసినా అది పాజిటివ్‌గానే చూపిస్తుంది.