జేజినాయన హార్మోనియం: మార్చాలా, వద్దా?

ప్రొద్దుటూరులో మా ఇంటి అటక మీద నుంచి జేజినాయన హార్మోనియం దించి నెల దాటింది, ఇంకా తేల్చుకోలేకపోతున్నా. పౌరాణిక నాటకాల్లో పద్యాలకు ఆయన వాయించిన పెట్టె అది. 1885లో సురభి నాటకాలు పుట్టిన కడప జిల్లాలో ఇలాంటివి ఎన్ని ఇళ్లలో మూలపడి ఉన్నాయో!

తమ్ముడేమో "అన్నా, మెట్లను పక్కకు జరిపి శ్రుతి మార్చుకునే స్కేల్ ఛేంజర్ పెట్టిద్దాం, లోపల మైకు కూడా బిగిస్తే భజనకు పనికొస్తుంది" అంటాడు. వాడి మాటా న్యాయమే, వాయించకుండా ఉంచితే అది ఉత్త చెక్కపెట్టే. కానీ స్కేల్ ఛేంజర్ అంటే మెట్ల అమరికంతా విప్పి మార్చాలి. శ్రుతి సరిచేయాలన్నా గాలికి అదిరి స్వరం పలికే ఇత్తడి రీడును గీకాలి, కొసన గీకితే స్వరం పైకి, మొదట్లో గీకితే కిందికి. గీకిన లోహం మళ్లీ రాదు. మైకు కోసం చెక్కకు వేసే రంధ్రమూ అంతే.

గాలితిత్తి తోలు చిరిగింది, అది మాత్రం మార్పిస్తా, ఎందుకంటే అది ఎలాగూ అరిగేదే. రీడ్ల మీద దుమ్ము మెత్తటి బ్రష్షుతో తుడిపిస్తా. ఆయన వేళ్లకు అరిగి పసుపెక్కిన మెట్లను మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వను.

భజనకు కొత్తది కొందామని తమ్ముడికి చెప్పాను. వాడింకా సరేననలేదు.