వ్యాపార వీధి చరిత్ర రాస్తున్నారా? డోర్ నంబరును నమ్మకండి

ఒక పేటలోని ప్రధాన వ్యాపార వీధి చరిత్ర రాయబోయేవాళ్లు మొదట పొరబడేది డోర్ నంబర్ల దగ్గరే. పాత డైరెక్టరీలో (ఊళ్లోవాళ్ల పేర్లు, దుకాణాలు, చిరునామాలు అచ్చువేసిన పుస్తకంలో) 214 అని చూసి, ఇవాళ్టి 214 ముందు నిలబడి ఫొటో తీసేస్తారు. మధ్యలో నంబర్లు మారాయేమో చూడరు. షికాగోలో 1909 సెప్టెంబరు 1 నుంచి కొత్త నంబర్లు వచ్చాయి, నడిబొడ్డున మాత్రం 1911లో. స్టేట్, మాడిసన్ వీధుల కూడలి నుంచి మైలుకు 800 చొప్పున లెక్క కట్టారు. 1908 డైరెక్టరీని ఇవాళ్టి గుమ్మాలతో కలిపి చదివితే ఒకరి దుకాణం ఇంకొకరి గోడకు అంటుకుంటుంది.

అందుకే పట్టిక స్థలాల వారీగా వేసుకోండి. ఒక్కో స్థలానికి ఒక అడ్డవరుస, ఐదేళ్లకో నిలువుగడి. వీధి మూల నుంచి ఎన్ని అడుగుల దూరం, వీధి వైపు ముఖం వెడల్పు ఎంత అన్నదే ఆ స్థలానికి పేరు. కట్టడాలు కాలిపోతాయి, కూలతాయి, మళ్లీ లేస్తాయి. పక్క హద్దులు మాత్రం అంత తేలిగ్గా కదలవు. రెండు స్థలాలు కలిసిపోయినా వరుస కొట్టేయకండి, రెండింట్లోనూ అదే పేరు రాయండి.

ఈ పనికి అగ్నిప్రమాద బీమా పటాలను, అంటే ఏ కట్టడం దేనితో కట్టారో బీమా కంపెనీల కోసం గీసిన పటాలను, మించినవి లేవు. అమెరికాలో 1867లో మొదలైన శాన్‌బర్న్ సంస్థ పటాల్లో అంగుళానికి 50 అడుగులు. గులాబీ రంగు వేస్తే ఇటుక కట్టడం, పసుపు వేస్తే చెక్క, నీలం వేస్తే రాయి. కట్టడం బొమ్మలో ‘ఎస్’ ఉంటే దుకాణం, ‘డి’ ఉంటే నివాసం. చిక్కేమిటంటే, కొత్త కట్టడం లేచినప్పుడు పాత పటం మీదే కాగితం ముక్క అతికించేవారు. అట్ట మీది సంవత్సరం ఆ ముక్కకు వర్తించదు. స్కాన్‌ను బాగా పెద్దది చేసి చూడండి: గీత ఒక్కసారిగా తెగి, వెంట్రుకవాసి పక్కన మళ్లీ మొదలైతే అక్కడ అతుకు ఉన్నట్టే.

పటాలు లేని చోట ఆస్తిపన్ను రిజిస్టర్లే దిక్కు. ఒక స్థలం విలువ ఒక్కసారిగా ఎగబాకితే కొత్తగా కట్టారనుకోవచ్చు. కానీ ఇరుపక్కల స్థలాలూ చూడాలి. అందరిదీ ఒకే ఏడు పెరిగితే అది పునర్మూల్యాంకనం (అందరి ఆస్తుల విలువా మళ్లీ లెక్కకట్టడం), కట్టుబడి కాదు. పైగా ఇందులో ఉండేది యజమాని పేరు కావచ్చు, దుకాణం నడిపింది అద్దెదారు. అద్దెదారు పేరు డైరెక్టరీలో వెతకాలి. డైరెక్టరీ వివరాలు అచ్చుకు చాలా నెలల ముందే సేకరించేవారు. ఒక ఏడు పేరు కనిపించలేదని దుకాణం మూతపడిందని రాసేయకండి, ముందు వెనక సంచికలు కూడా తిరగేయండి.

వీధిలో నిలబడ్డప్పుడు తల పైకెత్తండి. కింద అద్దాలు, బోర్డులు తరచూ మారతాయి, పై అంతస్తు కిటికీలే పాత ముఖాన్ని నిలుపుకుంటాయి. తర్వాత వంగి, పోత ఇనుప స్తంభాల అడుగు చూడండి. రంగు పొరల కింద కార్ఖానా పేరు ఉబ్బెత్తు అక్షరాల్లో ఉండవచ్చు. పిట్టగోడ మీద చెక్కిన సంవత్సరంతో మాత్రం జాగ్రత్త, అది కట్టడానిది కాక సంస్థ పుట్టినది కావచ్చు. మూల కట్టడాలకు రెండు చిరునామాలు ఉంటాయి, పక్క వీధి పేజీ కూడా తిప్పి చూడండి.