అరకు ఓటు గురించి, సిటీలో కూర్చుని మాట్లాడేవాళ్ళకి

మొన్న మద్దిలపాలెంలో టీ తాగుతుంటే పక్కన ఇద్దరు కుర్రాళ్ళు ఎలక్షన్ల గురించి మాట్లాడుకుంటున్నారు, అందులో ఒకడు "అరకు పాడేరు వాళ్ళదేముందిరా, ఎవడొచ్చి ఏ గుర్తు చెప్తే దానికి గుద్దేస్తారు" అన్నాడు. చివుక్కుమంది నాకు. ఈ మాట విశాఖలో ఇప్పుడు కొత్తగా పుట్టింది కాదు, చదువుకున్నవాళ్ళు కూడా అంటారు. నేను టీచరుగా 2009లో, 2014లో పైన, ఆ కొండ ఊళ్ళలో పోలింగ్ డ్యూటీ చేసినవాణ్ణి, అప్పుడు అదంతా విశాఖ జిల్లానే, అల్లూరి సీతారామరాజు జిల్లాగా విడిపోయింది 2022 ఏప్రిల్‌లో కదా. అక్కడి ఓటు ఎలా నడిచిందో నాకు తెలిసినంత వరకూ రాస్తాను, ఆ కుర్రాడు చదవకపోయినా ఇంకొకరెవరైనా చదువుతారు.

అరకు వ్యాలీ అసెంబ్లీ సీటు పాతది కాదు. 2008లో నియోజకవర్గాల పునర్విభజన జరిగినప్పుడు వచ్చింది, చింతపల్లి సీటు పోయింది. అరకులో ఆరు మండలాలు: అనంతగిరి, అరకు, డుంబ్రిగుడ, హుకుంపేట, పెదబయలు, ముంచింగిపుట్టు. టూరిస్టులకి మొదటి మూడే తెలుసు, ముంచింగిపుట్టు వైపు వెళ్తే మనకి తెలుగు సరిపోదు, ఆదివాసీ ఒడియా మాట్లాడతారు, పార్టీల పోలింగ్ ఏజెంట్లే మధ్యలో మాట చేరవెయ్యాలి.

ఇప్పటికి నాలుగు ఎన్నికలు జరిగాయి. 2009లో రాష్ట్రంలో కాంగ్రెస్ మళ్ళీ వచ్చింది, అరకులో గెలిచింది టీడీపీ సివేరి సోమ. 2014లో టీడీపీ అధికారంలోకి వచ్చింది, అరకులో సోమ ఓడిపోయి వైసీపీ కిడారి సర్వేశ్వరరావు గెలిచారు. 2019లో వైసీపీ ప్రభుత్వం, ఇక్కడా వైసీపీ చెట్టి ఫాల్గుణ. 2024లో కూటమి గాలికి రాష్ట్రమంతా కొట్టుకుపోయి వైసీపీకి మొత్తం 11 సీట్లే మిగిలితే అందులో అరకు ఒకటి, పాడేరు ఒకటి, అరకులో రేగం మత్స్యలింగం, పాడేరులో మత్స్యరాస విశ్వేశ్వరరాజు. అంటే నాలుగుసార్లలో మూడుసార్లు అరకు వాళ్ళు రాష్ట్రానికి ఎదురు ఓటేశారు, నాలుగుసార్లూ వేర్వేరు మనుషుల్నే ఎమ్మెల్యే చేశారు. ఎవరు చెప్తే వాళ్ళకి గుద్దేసేవాళ్ళ లెక్క ఇలా ఉంటుందా చెప్పండి.

మధ్యలో జరిగింది మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది. కిడారి 2016లో టీడీపీలో చేరిపోయారు, అంటే తను ఓడించిన సోమ ఉన్న పార్టీలోకే. రెండేళ్ళు తిరిగాయి. 2018 సెప్టెంబర్ 23న, ఆదివారం, డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు దగ్గర మావోయిస్టులు ఇద్దర్నీ ఆపి కాల్చి చంపేశారు. ఒకప్పుడు ఒకరి మీద ఒకరు నిలబడినవాళ్ళు ఒకే రోజు ఒకే చోట పోయారు. ఆ సాయంత్రం మా స్టాఫ్ అందరం ఫోన్లు పట్టుకుని, ఆ దారిలో మనం ఎన్నిసార్లు జీపులో వెళ్ళామో అనుకుంటూ కూర్చున్నాం, నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నవంబర్‌లో కిడారి గారబ్బాయి శ్రవణ్ కుమార్‌ని మంత్రిని చేశారు, ఏ సభలోనూ సభ్యుడు కాకుండా ఆరు నెలలే ఉండొచ్చు కాబట్టి 2019 మేలో రాజీనామా చెయ్యాల్సి వచ్చింది. ఆ ఏప్రిల్‌లో ఆయన అరకులో నిలబడితే జనం ఫాల్గుణని గెలిపించారు, రెండో స్థానంలో ఇండిపెండెంటు సివేరి దొన్నుదొర, మంత్రిగా ఉన్నాయన మూడో స్థానం. జాలి లేకనా? నేను అలా అనుకోను. ఆ చావులకి ఏడ్చినవాళ్ళే ఓటు దగ్గరికొచ్చేసరికి పార్టీ మారిన విషయం విడిగా లెక్కేసుకున్నారు. పాడేరులో కూడా అంతే, 2014లో వైసీపీ టికెట్ మీద గెలిచిన గిడ్డి ఈశ్వరి 2017లో టీడీపీకి వెళ్ళారు, 2019లో ఓడారు, 2024లో మళ్ళీ ఓడారు.

ఇంకా వెనక్కి వెళ్తే ఈ స్వభావం ఇంకా బాగా కనిపిస్తుంది. 2004లో రాష్ట్రమంతా కాంగ్రెస్ హోరు, పాడేరులో గెలిచింది బీఎస్పీ లకే రాజారావు, అవును ఏనుగు గుర్తే. పక్కన చింతపల్లిలో సీపీఐ గొడ్డేటి దేముడు. అసలు మొదటి ఎన్నికల్లోనే, 1952లో విశాఖపట్నం లోక్‌సభకి ఇద్దరు సభ్యులుండేవారు, ఒకరు లంకా సుందరం, రెండో ఆయన గాం మల్లుదొర, అల్లూరి సీతారామరాజుతో కలిసి పోరాడిన మల్లుదొరే. సిటీలో ఎంతమందికి ఇది తెలుసో.

అరకు లోక్‌సభ సంగతి వేరే. పాలకొండ నుంచి రంపచోడవరం దాకా ఏడు అసెంబ్లీ సీట్లు, అప్పటి లెక్కలో నాలుగు జిల్లాలు. ఒక చివర నుంచి ఇంకో చివరకి ఎంపీ అభ్యర్థి తిరగడానికే ప్రచారం రోజులు అయిపోతాయి. 2009లో కిశోర్ చంద్రదేవ్ గెలిచి తర్వాత కేంద్రంలో గిరిజన శాఖ మంత్రి అయ్యారు, 2014లో కొత్తపల్లి గీత, 2019లో దేముడు గారి అమ్మాయి మాధవి, స్కూల్లో వ్యాయామ టీచరుగా (పీఈటీ) పనిచేసిన అమ్మాయి, కిశోర్ చంద్రదేవ్ అంత పెద్దాయన మీద రెండు లక్షల పైచిలుకు మెజార్టీతో గెలిచింది. 2024లో డాక్టర్ తనూజారాణి. వరసగా మూడుసార్లు మహిళలే, ముగ్గురూ వేర్వేరు.

ఇక నోటా. 2019లో అరకు లోక్‌సభలో దాదాపు 48 వేలు, 2024లో 50 వేలు దాటాయి, ఆ ఎన్నికలో మెజార్టీ కూడా 50 వేల పైనే, అంటే ఇంచుమించు ఒకటే. సిటీలో దీనికి ఒక జవాబు రెడీగా ఉంటుంది, ఆఖరి బటన్ కదా తెలీక నొక్కేశారు అని. కొంతమంది అలా నొక్కి ఉండొచ్చు, రెండు మెషీన్లు పక్కపక్కన ఉంటే ముసలివాళ్ళు తడబడటం నేను చూశాను. కానీ అన్ని వేల ఓట్లకీ అదే కారణం అంటే నేను నమ్మను. రోడ్డు లేక గర్భిణిని డోలీలో మోసుకొచ్చే ఊళ్ళు ఇంకా ఉన్నాయి. 2015లో బాక్సైట్ తవ్వకాలకి జీవో 97 వచ్చినప్పుడు సంతల్లో దాని గురించే మాట. స్థానిక గిరిజనులకే టీచర్ పోస్టులన్న జీవో 3ని 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది, డీఎస్సీకి చదువుకుంటున్న పిల్లలు ఎంత కుంగిపోయారో నాకు తెలుసు, నా స్టూడెంట్లే వాళ్ళు. గిరిజన భూమిని ప్రైవేటు మైనింగ్‌కి ఇవ్వకూడదని దేశమంతా చెప్పుకునే 1997 సమత తీర్పు ఎక్కడిదనుకుంటున్నారు, మన అనంతగిరి మండలం బొర్రా చుట్టుపక్కల లీజుల మీద వచ్చిందే. అలాంటి చోట జనానికి బటన్ తెలీదంటే ఎలా నమ్ముతాం.

2014 మే 7న నా బూత్ పెదబయలు మండలంలో. జీపు ఆగిన చోటి నుంచి ఈవీఎం పెట్టెలు మోసుకుంటూ రెండు గంటల పైన నడిచాం, స్కూల్లోనే పడుకున్నాం, ఊరివాళ్ళు రాగి అంబలి ఇచ్చారు. తెల్లారి మాక్ పోల్ అవుతుండగానే వరండాలో లైను, అవతలి కొండ నుంచి చీకట్లో బయల్దేరి వచ్చినవాళ్ళు. ఒక ముసలమ్మకి ఏజెంటు కుర్రాడు తన గుర్తు చూపిస్తూ ఏదో చెప్పబోయాడు, వెంటనే నేను వాణ్ణి వెనక్కి వెళ్ళమన్నాను, నాకంటే ముందు ఆవిడే చెయ్యి అడ్డం పెట్టేసింది. వేసి బయటికొచ్చాక నా దగ్గర ఆగి సిరా వేలు చూపించి "అయిపోనాది బాబూ, ఇంక పోతాను" అంది. ఎవరికి వేసిందో ఆ ఊళ్ళో ఎవరికీ తెలిసుండదు.

2024లో నాకు డ్యూటీ లేదు. మే 12, ఆదివారం, విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్‌కి ఎవర్నో బస్సెక్కించడానికి వెళ్తే హుకుంపేట నా పాత స్టూడెంటు కనిపించాడు, గాజువాకలో వెల్డింగ్ పని, భుజాన బ్యాగు, పాడేరు బస్సు దగ్గర తోపులాటలో ఉన్నాడు. ఒక రోజు కూలి పోతుంది కదరా, అంత దూరం వెళ్ళాలా అన్నాను.

"మరేటి మాస్టారూ, వెళ్ళకపోతే ఎలాగ? బూత్ మా ఊరి నుంచి ఆరు కిలోమీటర్లు నడవాల, మన దగ్గర నాలుగ్గంటలకే ఆపేస్తారు, ఈ బస్సు తప్పితే నాకు ఓటు అందదు" అని, నా చేతిలో ఉన్న వాటర్ బాటిల్ తీసుకుని పరిగెత్తి ఫుట్‌బోర్డు మీద నిలబడ్డాడు.