రాణి గుండె తింటుంటే నవ్వు ఎందుకొస్తుంది

మాటియో గరోనె తీసిన 'టేల్ ఆఫ్ టేల్స్' (2015) చూసి బయటికొచ్చిన మనవాళ్ళ నోట ఎక్కువగా వినిపించే ప్రశ్నలు రెండు. "మూడు కథలూ ఎక్కడ కలిసినయ్ బ్రో?" అనేది ఒకటి. "ఇది పిల్లల సినిమా కాదా?" అనేది రెండోది. రెండూ న్యాయమైనవే. జవాబులు మాత్రం తెర మీద దొరకవు, మూలంలో వెతుక్కోవాలి.

ఆ మూలం జంబత్తిస్తా బసీలె నేపుల్స్ వాళ్ళ భాషలో రాసిన కథల పుస్తకం. ఆయన 1632లో పోయాడు, పుస్తకం 1634-36 మధ్య అచ్చయింది. అందులో మొత్తం 50 కథలు. ఎప్పుడూ నవ్వని జోజా అనే రాకుమారి కథ చట్రంలా ఉంటే, మిగతావన్నీ దాని లోపల ఐదు రోజుల పాటు సాగుతాయి. కాశీమజిలీ కథల్లో మజిలీ మజిలీకీ మణిసిద్ధుడు గోపడికి చెప్పే కథలు చదివినవాళ్ళకు ఈ పద్ధతి అలవాటైనదే. గరోనె మూడు కథలు తీసుకుని చట్రాన్ని వదిలేశాడు. చివర్లో పట్టాభిషేకానికి అందరినీ ఒకచోటికి రప్పించాడు గానీ, గ్రూప్ ఫోటోకి నిలబెట్టినట్టుంటుంది తప్ప ముడి పడదు. మొదటి ప్రశ్న అక్కడే పుడుతుంది.

ఇక హాలు మొత్తం కదిలేది గుండె సీనులో. పిల్లలు లేని రాణి (సల్మా హాయెక్) కోసం రాజు నీళ్ళలోని రాక్షసజంతువును చంపి, తనూ చస్తాడు. దాని గుండెను ఒక కన్యే ఒంటరిగా వండాలి, రాణి తినాలి. తెల్లటి గోడల మధ్య నల్ల గౌనులో కూర్చుని, పుచ్చకాయంత ఎర్రటి గుండెను రెండు చేతులతో పట్టుకుని కొరుకుతుంది. కొందరు "ఛీ" అంటారు, కొందరు పకపకా నవ్వేస్తారు. ఆ నవ్వును వెటకారంగా తీసుకోనక్కర్లేదు, ఎలా స్పందించాలో తెలియనప్పుడు వచ్చే నవ్వది.

నిజానికి ఈ కథ మనకు పరాయిది కాదు. దశరథుడు పాయసం పంచాడు. బృహద్రథుడి ఇద్దరు రాణులు ఒకే మామిడిపండును చెరిసగం తింటే రెండు శరీరపు ముక్కలు పుట్టాయి, జర అనే రాక్షసి వాటిని కలిపితే జరాసంధుడయ్యాడు. ఇక్కడ లెక్క తిరగబడింది. గుండె తిన్న రాణికీ, వండుతూ ఆవిరి పీల్చిన వంటపిల్లకీ అచ్చుగుద్దినట్టు ఒకేలాంటి కొడుకులు పుడతారు. బసీలె అక్కడితో ఆగడు: ఆ ఆవిరికి గదిలోని సామాను కూడా కడుపుతో అవుతుంది, పెద్ద మంచం చిన్న మంచాన్ని కంటుంది. ఆ చమత్కారాన్ని సినిమా కోసేసింది. "మరీ అంత సీరియస్ ఎందుకు?" అని విసుక్కునేవాళ్ళు సరిగ్గానే పట్టుకున్నారు.

రెండో ప్రశ్నకు తప్పు కొంత బసీలెదే. పుస్తకం పేరులోనే 'చిన్నపిల్లల కాలక్షేపం' అని పెట్టాడు, లోపల రాసిందేమో పెద్దవాళ్ళకి. కాబట్టి ఫెయిరీ టేల్ అన్న మాట చూసి పిల్లల్ని కూర్చోబెట్టకండి. మన సెన్సారు బోర్డు 2024 నవంబరు నుంచి యూఏను 7, 13, 16 ఏళ్ళ వర్గాలుగా విడగొట్టింది గదా, ఈ సినిమాకు నా లెక్క 'ఏ' మాత్రమే. శృంగారం కన్నా, వయసు తగ్గుతుందని నమ్మి ఒళ్ళంతా చర్మం ఒలిపించుకునే ముసలామె సంగతే అందుకు చాలు.

హైదరాబాదులోని లామకాన్ లాంటి చోట ఆరుబయట ఈ సినిమా వేసేవాళ్ళకు రెండు మాటలు. మే నెలలో ఏడు దాటితే గానీ మొదలుపెట్టొద్దు. వెలుతురు మిగిలి ఉంటే గుహ సీన్లు బూడిదరంగులో కలిసిపోయి, మరో కథలోని రాక్షసుడికి బదులు మసక మాత్రమే కనిపిస్తుంది. డైలాగులు ఇంగ్లీషే అయినా రకరకాల యాసలున్నాయి, సబ్‌టైటిల్స్ తీసేయొద్దు. ఇంటర్వెల్ తప్పదంటే, కిటికీలోంచి విసిరేసిన మరో ముసలామె అడవిలో పడుచుపిల్లగా లేచే చోట ఆపండి. గుండె సీను తర్వాత ఆపితే మాత్రం, సమోసాలు మిగిలిపోతాయి.