అల బాగుంది, నీళ్లు బాగాలేవు

పొద్దున సర్ఫింగ్ ఫోర్‌కాస్ట్: అల ఎత్తు 1.2 మీటర్లు, పీరియడ్ (ఒక అల వెనక మరో అల రావడానికి పట్టే సమయం) 14 సెకన్లు, నేల మీంచి సముద్రం వైపు మెల్లగా గాలి. కొత్తవాళ్ల చూపు ఎత్తు దగ్గరే ఆగిపోతుంది. అసలు సంగతంతా పీరియడ్‌లో ఉంటుంది. లోతు నీళ్లలో అల పొడవు లెక్క కట్టాలంటే పీరియడ్‌ను పీరియడ్‌తోనే గుణించి, మళ్లీ 1.56తో గుణించాలి. 7 సెకన్లకు 76 మీటర్లు వస్తే, 14 సెకన్లకు 306. అందులో సగం లోతుకు రాగానే అలకు నేల తగలడం మొదలవుతుంది. 14 సెకన్ల అల దూరాన్నుంచే నేలను తడుముకుంటూ వచ్చి, ఒడ్డు దగ్గర నిటారుగా లేస్తుంది. ఇదే ఎత్తు 7 సెకన్లతో వస్తే అది దగ్గర్లో గాలి రేపిన గలాటా, బోర్డు తడపడం దండగ.

ఇంత మంచి అల ఉన్నా ఈరోజు దిగే పని లేదు. వాన వెలిసింది మొన్న రాత్రి. నది మొగ దగ్గర నీళ్లు ఎర్రమట్టి రంగులో ఉన్నాయి. ఎరుపూ నీలమూ కలిసేచోట నురగ గీత, దాని వెంట పుల్లలు, సీసా మూతలు, కందిగింజంత ప్లాస్టిక్ గుళికలు. చాన్నాళ్ల ఎండ తర్వాత పడే మొదటి పెద్ద వాన మరీ చెడ్డది. రోడ్ల మీది నూనె, పేడ, పొంగిన డ్రైనేజీ ఒక్కసారే సముద్రంలో పడతాయి. పెద్ద వాన తర్వాత 72 గంటలు ఆగడం సర్ఫర్ల మామూలు లెక్క. మొగ దగ్గరైతే ఇంకా ఎక్కువే. ఆగకపోతే చెవిపోటు, విరేచనాలు, కాలి గీరుడు చీము పట్టడం. నీటి పరీక్షను పూర్తిగా నమ్ముకోలేం, బాక్టీరియా పెరిగి లెక్క తేలేసరికి ఒక రోజు పడుతుంది. చేతికొచ్చేది నిన్నటి నీళ్ల ఫలితం.

అలాగని వరదను తిట్టలేం. ఇసుక తెచ్చేది అదే. అల తన ఎత్తుకు సుమారు 1.3 రెట్ల లోతులో విరుగుతుంది. ఇసుక తిప్ప అరమీటరు కరిగినా విరిగే చోటు మారిపోతుంది. ఎగువన ఆనకట్టలు, ఇసుక తవ్వకాలు ఆ రాకను ఆపేస్తాయి. ఒడ్డు కోసుకుపోతోందని గోడ కడితే, దాన్ని కొట్టి వెనక్కి మళ్లిన నీళ్లు గోడ ముందున్న ఇసుకనూ లాక్కుపోతాయి, వచ్చే అలనూ చెడగొడతాయి. పైగా 2006–2018 మధ్య ప్రపంచ సగటు సముద్రమట్టం ఏటా 3.7 మిల్లీమీటర్ల చొప్పున పెరిగింది. పాటులో, అంటే నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు మాత్రమే అల విరిగే చోట్లకు ముందు ముందు ఆ కాస్త సమయమూ తగ్గుతుంది.

ఖాళీ కాబట్టి పగిలిన బోర్డు మరమ్మతు. పగులు కిందికి ఉండేలా నీడలో నిలబెట్టి, నీళ్లు కారడం పూర్తిగా ఆగాకే రెసిన్ (ఆరి గట్టిపడే జిగురు) పూయాలి. లోపల ఉన్నది థర్మోకోల్ జాతి ఫోమ్ అయితే పాలియెస్టర్ రెసిన్ దాన్ని కరిగించేస్తుంది. ఏ ఫోమో తెలియకపోతే ఎపాక్సీ రెసిన్ వాడాలి, అది థర్మోకోల్ జాతికీ మిగతా బోర్డు ఫోమ్‌కూ సరిపోతుంది. త్వరగా ఆరుతుందని ఎపాక్సీలో హార్డెనర్ (దాన్ని గట్టిపరిచే ద్రవం) ఎక్కువ పోస్తే ఎన్నాళ్లైనా జిగురుగానే ఉంటుంది, డబ్బా మీది కొలత తప్పకూడదు. రుద్దేటప్పుడు మాస్క్ ఉండాలి. ఆ పొడి కూడా ప్లాస్టిక్కే, తడిగుడ్డతో ఎత్తి చెత్తలో వేయాలి. ఇసుకలో రుద్దేసి దులుపుకుని పోయేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

ఎల్లుండి పొద్దున మళ్లీ చూడాలి. నురగ ఎటు కొట్టుకుపోతోందో ముందు గమనించి, మొగకు దానికి ఎదురు దిక్కున దిగాలి. మురికి నీళ్లు పోయేదీ నురగ వెంటే.